ప్రాజెక్టులకి క్లౌడ్ లిమిట్లు: ఓపెన్‌స్టాకా, కుబెర్నెటీసా, పబ్లిక్ క్లౌడా?

క్లౌడ్‌లో ప్రాజెక్టులకి లిమిట్లు ఎలా పెట్టాలని విశాఖలో అడిగేవాళ్లు ముఖ్యంగా మూడు రకాలు. ఇంజినీరింగ్ కాలేజీలో ల్యాబ్ చూసుకునే సార్లు, మేడమ్‌లు ఒక రకం. మధురవాడ, రుషికొండ వైపు పది పదిహేను మందితో నడిచే చిన్న కంపెనీలు ఇంకో రకం. ఒకే క్లస్టర్ (కలిసి పనిచేసే సర్వర్ల గుంపు) మీద అరడజను క్లయింట్ల పనులు నడిపే సర్వీస్ కంపెనీలు మూడో రకం. అందరూ అడిగేది ఒకటే: "ఒక్కో ప్రాజెక్టుకి ఎంత పెట్టమంటారు?"

ఆ అంకె తర్వాత చూద్దాం. అంతకంటే ముందు తేలాల్సింది ఇంకొకటి ఉంది. లిమిట్ తగిలిన రోజు ఏం జరగాలి? కొత్త మెషీన్ రాకుండా ఆగిపోవాలా, నడుస్తున్నది నెమ్మదించాలా, లేక ఎవరికో ఒక మెయిల్ వెళ్తే సరిపోతుందా? దీనికి జవాబు తేలితే, ఏ ప్లాట్‌ఫామ్‌లో ఏ సెట్టింగ్ పట్టుకోవాలో సగం తేలిపోయినట్టే.

ఎందుకంటే లిమిట్ అని మనం ఒకే మాట వాడతాం గానీ, దాని వెనక మూడు వేర్వేరు పనులున్నాయి. మొదటిది కోటా. కొత్తగా ఏదైనా అడిగినప్పుడే లెక్క చూసి, ఎక్కువైతే ఇవ్వనంటుంది. అప్పటికే నడుస్తున్నవాటి జోలికి పోదు. రెండోది నడిచే ప్రోగ్రామ్ మీద పెట్టే లిమిట్. సీపీయూ ఎక్కువ వాడితే నెమ్మదిస్తుంది, మెమరీ ఎక్కువ వాడితే ప్రోగ్రామ్‌నే చంపేస్తుంది. మూడోది బడ్జెట్ అలర్ట్. ఇది దేన్నీ ఆపదు, డబ్బు ఇంత ఖర్చయిందని చెబుతుంది, అదీ కొన్ని గంటలు ఆలస్యంగా. చాలాచోట్ల గొడవ మొదలయ్యేది ఇక్కడే. మూడోది పెట్టేసి, మొదటిది పెట్టామన్న ధైర్యంతో ఇంటికి వెళ్లిపోతారు.

సొంత సర్వర్లున్న ల్యాబ్: ఓపెన్‌స్టాక్

ఓపెన్‌స్టాక్ అంటే సొంత సర్వర్లని క్లౌడ్‌లా మార్చే సాఫ్ట్‌వేర్. రాక్‌స్పేస్, నాసా కలిసి 2010లో మొదలుపెట్టిన ఓపెన్‌స్టాక్‌లో ప్రాజెక్ట్ అనేదే అన్నిటికీ మూలం. వీఎంలు (ఒక సర్వర్‌ని పంచి చేసే వర్చువల్ మెషీన్లు), డిస్కులు, నెట్‌వర్క్‌లు అన్నీ ఏదో ఒక ప్రాజెక్ట్ కిందే ఉంటాయి, కోటా కూడా ప్రాజెక్ట్‌కే. కాబట్టి ఉన్న ఇనుమునే పదిమందికి పంచాల్సిన చోట, అంటే కాలేజీ ల్యాబ్‌లాంటి చోట, దీన్ని మించింది నాకు కనపడలేదు. ఇక్కడ సమస్య డబ్బు కాదు, డబ్బు సర్వర్లు కొన్నరోజే అయిపోయింది. ఒక బ్యాచ్ అంతా లాగేసుకుంటే మిగతావాళ్లకి మిగలదన్నదే సమస్య.

ఇన్‌స్టాల్ చేశాక వచ్చే డిఫాల్ట్ కోటాలని అలాగే వదిలేయడం చాలా ల్యాబుల్లో చూస్తాం. ఓపెన్‌స్టాక్‌లో వీఎంలని చూసుకునే భాగం నోవా. అందులో ఒక్కో ప్రాజెక్ట్‌కి డిఫాల్ట్‌గా 10 వీఎంలు, 20 కోర్లు, 51,200 ఎంబీ ర్యామ్ ఉంటాయి. డిస్కులు చూసుకునే సిండర్‌లో 10 వాల్యూమ్‌లు (వర్చువల్ డిస్కులు), 1000 జీబీ. విడిగా చూస్తే ముచ్చటగానే ఉంటాయి. గుణించి చూడండి.

సర్వర్లు మూడు, ఒక్కోదాంట్లో 32 కోర్లు, 256 జీబీ ర్యామ్ అనుకుందాం. ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ బ్యాచ్‌లు 30. డిఫాల్ట్ ప్రకారం ఒక్కో బ్యాచ్‌కి 50 జీబీ ర్యామ్, అంటే మొత్తం 1500 జీబీకి మాట ఇచ్చేశాం. చేతిలో ఉన్నది 768. డిస్క్ అయితే 30 టీబీ రాసిచ్చినట్టు. ల్యాబ్ స్టోరేజ్ 10 టీబీ అయితే, సగం బ్యాచ్‌లు కూడా తమ కోటా వాడుకోకముందే నిండిపోతుంది.

ఇప్పుడు సరైన లెక్క. ఒక సర్వర్ పాడైనా మిగతా రెండింటి మీద పని నడవాలి. ఒక్కో సర్వర్‌లో సొంత పనులకి 16 జీబీ వదిలేస్తే 240 మిగులుతుంది, రెండింటికి 480. దాన్ని 30తో భాగిస్తే బ్యాచ్‌కి 16 జీబీ. సీపీయూ ర్యామ్‌లాగా కాదు, పంచుకున్నా ఫర్వాలేదు. ఒక కోర్‌ని నాలుగు వీసీపీయూలుగా (వీఎంలకిచ్చే సీపీయూ వాటాలుగా) లెక్కేస్తే 64 కోర్లకి 256 వస్తాయి, బ్యాచ్‌కి 8 ఇవ్వొచ్చు. డిస్క్‌లో అయిదో వంతు పక్కన పెట్టి మిగతాది పంచితే బ్యాచ్‌కి 266 దాకా వస్తుంది, 250 జీబీ ఇవ్వొచ్చు. వీఎంల సంఖ్య నాలుగు చాలు. మూడో సర్వర్ ఖాళీగా పడుండదు, వీఎంలు మూడింటి మీదా పరుచుకుంటాయి. లెక్క మాత్రం రెండింటికే.

అందరూ ఒకేసారి వాడరు కదా, 16 బదులు 24 ఇస్తే తప్పేంటని అడగొచ్చు. ఇవ్వొచ్చు. పెళ్లికి ఐదొందల కార్డులు పంచి మూడొందల విస్తళ్లకి వండించడం మనకి అలవాటైన పనే. 24 చొప్పున ముప్పై బ్యాచ్‌లకి 720 జీబీ అవుతుంది, మూడు సర్వర్లూ బాగున్నంతకాలం అందరూ ఒకేసారి వచ్చినా సరిపోతుంది. ఒకటి పడుకుంటే మాత్రం సరిపోదు. ప్రాజెక్ట్ రివ్యూకి ముందు వారం ముప్పై బ్యాచ్‌లూ వస్తాయని ఏ ల్యాబ్ అసిస్టెంట్‌ని అడిగినా చెబుతారు. సెమిస్టర్ మొదట్లో 24 ఇచ్చి రివ్యూల ముందు 16కి తగ్గిద్దామనుకోకండి. వాడుతున్నదానికంటే తక్కువ అంకె పెట్టబోతే నోవా ఊరికే ఒప్పుకోదు. ఫోర్స్ చేస్తే ఒప్పుకుంటుంది, అయినా ఉన్న వీఎంలు ఉన్నట్టే ఉంటాయి. ఇచ్చింది వెనక్కి తీసుకోవడానికి కోటా పనికిరాదు. మొదట తక్కువిచ్చి తర్వాత పెంచడమే ఉన్న దారి.

ఎక్కువ పంచేసిన ల్యాబ్‌ని గుర్తుపట్టడం తేలిక. విద్యార్థి వచ్చి "సార్, మెషీన్ రావట్లేదు" అంటాడు. కోటా అయిపోయి ఉంటే హొరైజన్ (ఓపెన్‌స్టాక్ వెబ్ పేజీ) స్క్రీన్ మీద ఆ ముక్కే కనిపిస్తుంది, ఇన్ని కోర్లు అడిగారు, ఇన్ని వాడేశారు, ఇంతే ఉంది అని. తనే ఒక పాత వీఎం తీసేసుకుని పని చూసుకుంటాడు. కోటా ఉండి ఇనుము అయిపోతే మాత్రం వీఎం ఎర్రర్‌లో పడి, "నో వ్యాలిడ్ హోస్ట్ వాజ్ ఫౌండ్" అని వస్తుంది. దాన్ని చూసి విద్యార్థికి అర్థమయ్యేదేమీ ఉండదు. తన తప్పనుకుని మళ్లీ మళ్లీ నొక్కుతాడు. చివరికి అడ్మిన్ లాగ్‌లు తిరగేయాలి. సరైన కోటా వల్ల అసలు లాభం ఇదే, తగాదా అడ్మిన్ దాకా రాకుండా విద్యార్థి స్క్రీన్ మీదే తేలిపోతుంది.

ఫ్లోటింగ్ ఐపీలని, అంటే వీఎంని బయటి నుంచి చేరడానికి ఇచ్చే అడ్రసులని, విడిగా చూడండి. నెట్‌వర్క్ చూసుకునే న్యూట్రాన్‌లో డిఫాల్ట్ ప్రాజెక్ట్‌కి 50. కాలేజీ నెట్‌వర్క్‌లో ల్యాబ్‌కి కేటాయించిన అడ్రసులే మొత్తం ముప్పై ఉంటే, ఒక్క బ్యాచ్ సరదాగా అన్నీ ఊడ్చేయొచ్చు. దీనికి మొహమాటం లేకుండా ఒకటి పెట్టేయండి.

ఇంకో రెండు సంగతులు. వీఎంని ఆపేసినా ఓపెన్‌స్టాక్ కోటాలో దాని కోర్లు, ర్యామ్ లెక్కలోనే ఉంటాయి, డిలీట్ చేస్తేనే తిరిగొస్తాయి. "ఆఫ్ చేశాం కదా మేడమ్" అనేవాళ్లకి మొదటి క్లాసులోనే చెప్పాలి. అలాగే వీఎం డిలీట్ చేసినా దాని వాల్యూమ్ మిగిలిపోవచ్చు, స్నాప్‌షాట్లు (డిస్క్‌కి ఒక క్షణంలో తీసిన కాపీలు) కూడా మామూలుగా అదే గిగాబైట్ల కోటాలోంచి తింటాయి. డిస్క్ కోటా నిండిపోయిందని వచ్చేవాళ్లలో చాలామందికి కావాల్సింది ఎక్కువ కోటా కాదు, పాత వాల్యూమ్‌ల మీద ఒక చూపు.

జీపీయూ (గ్రాఫిక్స్ కార్డ్) సంగతి వేరు. నోవా పాత పద్ధతి కోటాలో జీపీయూకి గడే లేదు. లాగిన్‌లు చూసుకునే కీస్టోన్‌లో పెట్టే కొత్త యూనిఫైడ్ లిమిట్లతో దారి ఉంది గానీ, చిన్న ల్యాబ్‌కి అంత తంతు అక్కర్లేదు. జీపీయూ ఉన్న ఫ్లేవర్‌ని (వీఎం సైజు నమూనాని) ప్రైవేట్ చేసి, అవసరమున్న ప్రాజెక్ట్‌లకి మాత్రమే అది కనిపించేలా ఇవ్వండి. రెండు కార్డులున్న ల్యాబ్‌లో అంతకుమించిన పాలసీ ఎందుకు? ఇక కోటా గడిలో మైనస్ ఒకటి అంటే లిమిట్ లేదని అర్థం. హెచ్‌వోడీ గారి ప్రాజెక్ట్‌కి ఈ మైనస్ ఒకటి పెట్టే ఆచారం ఉంటుంది. ఆ ఒక్క ప్రాజెక్ట్ పైనున్న లెక్కంతా తిరగేస్తుంది, వారికి కూడా పెద్ద అంకె ఏదో ఒకటి పెట్టండి.

ఒకే క్లస్టర్, పది టీమ్‌లు: కుబెర్నెటీస్

సర్వీస్ కంపెనీల్లో ఇప్పుడు లెక్క వీఎంలలో నడవట్లేదు, పాడ్‌లలో నడుస్తోంది. కంటెయినర్లని (ప్రోగ్రామ్‌ని దానికి కావాల్సినవాటితో కట్టిన మూటలని) క్లస్టర్ మీద నడిపే సాఫ్ట్‌వేర్ కుబెర్నెటీస్, పాడ్ అంటే కలిసి నడిచే ఒకటో రెండో కంటెయినర్లు. ఒక క్లస్టర్, క్లయింట్‌కో నేమ్‌స్పేస్ (క్లస్టర్‌లో విడిగా గీసిన భాగం). ఇక్కడ రెండు పనిముట్లున్నాయి, రెండూ కలిపి వాడాలి. రిసోర్స్ కోటా నేమ్‌స్పేస్ మొత్తానికి, లిమిట్ రేంజ్ ఒక్కో కంటెయినర్‌కి.

కోటా ఒక్కటే పెడితే ఏమవుతుందో చెబుతాను. సీపీయూ, మెమరీల మీద కోటా పెట్టగానే, ఎంత కావాలో రాయని పాడ్‌లన్నిటినీ కుబెర్నెటీస్ తిప్పి పంపేస్తుంది. నిన్నటిదాకా బాగానే వెళ్లిన డిప్లాయ్‌మెంట్ (ప్రోగ్రామ్‌ని క్లస్టర్‌లో పెట్టడం) ఈరోజు ఆగిపోతుంది, డెవలపర్లంతా అడ్మిన్ మీద పడతారు. లిమిట్ రేంజ్‌తో డిఫాల్ట్ విలువలు పెడితే, రాయనివాళ్లకి అవి పడిపోతాయి, గోల ఉండదు. కాబట్టి క్రమం ముఖ్యం: ముందు లిమిట్ రేంజ్, ఒకటి రెండు వారాలు వాడుక చూసి, తర్వాత కోటా.

ఓపెన్‌స్టాక్‌తో పోలిస్తే కోటా తగిలిన సంగతి ఇక్కడ దాగి ఉంటుంది. డిప్లాయ్‌మెంట్ పెట్టినప్పుడు కమాండ్ హాయిగా సక్సెస్ అంటుంది, పాడ్‌లు మాత్రం రావు. "ఎక్సీడెడ్ కోటా" అన్న మాట రెప్లికా సెట్ (పాడ్ కాపీలు తెచ్చే భాగం) ఈవెంట్లలో ఎక్కడో లోపల పడి ఉంటుంది. కొత్తగా చేరినవాళ్లు పాడ్‌ల జాబితానే చూస్తూ కూర్చుంటారు. అందులో పాడే లేదు కాబట్టి ఎర్రర్ కూడా కనపడదు. టీమ్‌కి ఈ ఒక్క సంగతి ముందే చూపించండి, సగం ఫోన్‌కాల్స్ తగ్గుతాయి.

అంకె పెట్టేటప్పుడు ఇక్కడ ఒక మెలిక ఉంది. మూడు రెప్లికాలు (ఒకే పాడ్‌కి కాపీలు) నడిచే సర్వీస్, ఒక్కోదానికి ఒక సీపీయూ. కోటా ఎంత? మూడు అనేస్తాం. రోజూ నడవడానికి మూడు చాలు. కొత్త వెర్షన్ పెట్టే రోజు చాలదు. పాత పాడ్‌లని కొద్దికొద్దిగా మార్చే రోలింగ్ అప్‌డేట్‌లో డిఫాల్ట్‌గా పాడ్‌ల సంఖ్యని పాతిక శాతం అదనంగా పెంచొచ్చు, పాతిక శాతం దాకా తగ్గించొచ్చు. మూడులో పాతిక శాతం ముప్పావు. పెంచేటప్పుడు దాన్ని పైకి, అంటే ఒకటికి, తగ్గించేటప్పుడు కిందికి, అంటే సున్నాకి సర్దుతుంది. అంటే పాత పాడ్ ఒక్కటి కూడా తీయకుండా ముందు కొత్తది ఒకటి తేవాలి. దానికి నాలుగో సీపీయూ కావాలి, కోటా మూడే. అప్‌డేట్ అలాగే వేలాడుతుంది. విచిత్రంగా నాలుగు రెప్లికాలకి నాలుగే కోటా ఉంటే మెల్లగానైనా నడిచిపోతుంది, ఎందుకంటే అక్కడ ఒక పాతదాన్ని ముందే తీసే వీలుంది. అందుకని నేమ్‌స్పేస్ కోటా ఎప్పుడూ రోజువారీ వాడుకకి కాకుండా అప్‌డేట్ రోజు వాడుకకి లెక్కేయాలి. శుక్రవారం సాయంత్రం రిలీజ్ పెట్టుకునే టీమ్‌లకి ఇది మరీ అవసరం (శుక్రవారం సాయంత్రం రిలీజ్ ఎందుకన్నది వేరే చర్చ).

ఒక్కో కంటెయినర్‌కి రెండు అంకెలు రాస్తాం, కనీసం కావాల్సింది రిక్వెస్ట్, దాటకూడనిది లిమిట్. రిక్వెస్ట్‌లకి కోటా పెట్టాలా, లిమిట్లకి పెట్టాలా? నా ఓటు రిక్వెస్ట్‌లకి. పాడ్‌ని ఏ నోడ్ (క్లస్టర్‌లో ఒక సర్వర్) మీద కూర్చోబెట్టాలో కుబెర్నెటీస్ చూసేది దాన్నే, క్లస్టర్ నిండిందా లేదా అన్నది తేలేదీ దాంతోనే. మెమరీకి మాత్రం రిక్వెస్ట్, లిమిట్ రెండూ దగ్గర దగ్గరగా ఉంచండి. సీపీయూ లిమిట్ దాటితే ప్రోగ్రామ్ నత్తనడక నడుస్తుంది, అంతే. మెమరీ లిమిట్ దాటితే కంటెయినర్‌ని చంపేస్తుంది, మళ్లీ లేస్తుంది, మళ్లీ చస్తుంది. ఒక జావా సర్వీస్ ఇలా రాత్రంతా లేస్తూ పడుతూ ఉంటే, క్లయింట్ వైపు నుంచి తెల్లారి వచ్చే ఫోన్ టెన్షన్ ఎలా ఉంటుందో పడ్డవాళ్లకి తెలుసు.

క్లస్టర్ పబ్లిక్ క్లౌడ్ మీద ఉంటే ఇంకొక్క గడి మర్చిపోకండి. లోడ్ బ్యాలెన్సర్ (వచ్చే ట్రాఫిక్‌ని పాడ్‌లకి పంచేది) రకం సర్వీసులకీ, డిస్క్ క్లెయిమ్‌లకీ (పాడ్‌లు అడిగే డిస్కులకీ) విడిగా కోటా పెట్టొచ్చు. సీపీయూ, మెమరీ కోటాలు ఎంత పకడ్బందీగా ఉన్నా, టెస్టింగ్ కోసమని ఎవరో ఒక్కో సర్వీస్‌కి ఒక్కో లోడ్ బ్యాలెన్సర్ తెరిస్తే అదంతా క్లౌడ్ బిల్లులోకే వెళ్తుంది. డెవలప్‌మెంట్ నేమ్‌స్పేస్‌లకి ఒకటో, సున్నానో చాలు.

పబ్లిక్ క్లౌడ్: కోటా వాళ్లది, బిల్లు మనది

2025 అక్టోబర్‌లో గూగుల్ విశాఖలో ఏఐ హబ్ పెడతామని, అయిదేళ్లలో 1500 కోట్ల డాలర్లు పెడతామని ప్రకటించినప్పటి నుంచీ, "ఇక క్లౌడ్ మన ఊళ్లోనే కదండీ" అనే మాట టీ కొట్ల దగ్గర కూడా వినిపిస్తోంది. మన ఊళ్లో డేటా సెంటర్ కట్టినంత మాత్రాన మన బిల్లుకి లిమిట్ పడదు. ఆ పని మనమే చేసుకోవాలి.

ముందుగా అర్థం చేసుకోవాల్సింది, ఇక్కడి కోటాలు మన మేలు కోరి పెట్టినవి కావు. క్లౌడ్ అమ్మే కంపెనీ తన రీజియన్‌ని (ఒక ప్రాంతంలోని డేటా సెంటర్లని) కాపాడుకోవడానికీ, కొత్త ఖాతాల్లో దుర్వినియోగాన్ని ఆపడానికీ పెట్టుకున్నవి. అమెజాన్ క్లౌడ్ అయిన ఏడబ్ల్యూఎస్ కొత్త ఖాతాలో పెద్ద జీపీయూ మెషీన్ల కోటా సున్నా ఉండటం మామూలే. మామూలు మెషీన్ల కోటా మాత్రం చిన్న కంపెనీ భరించగలిగేదానికంటే ఎక్కువే ఉండొచ్చు. ఆ కోటా నిండేదాకా ఎవరూ ఆపరు.

ప్రాజెక్ట్ అనే గీత గూగుల్, ఏడబ్ల్యూఎస్, మైక్రోసాఫ్ట్ అజూర్‌లలో మూడు చోట్ల ఉంటుంది. గూగుల్ క్లౌడ్‌లో ప్రాజెక్ట్ పేరుతోనే ఉంటుంది, కోటాలు ప్రాజెక్ట్‌కీ, రీజియన్‌కీ లెక్క. వాటిని మనంతట మనం తగ్గించుకోవచ్చు కూడా. ఇది నాకు బాగా నచ్చే సదుపాయం. ట్రైనీల ప్రాజెక్ట్‌లో ఒక రీజియన్ సీపీయూలని ఎనిమిదికి తగ్గించి, వాడని రీజియన్లని సున్నా చేసేస్తే సగం బెంగ తీరిపోతుంది. గూగుల్ డేటా విశ్లేషణ సర్వీస్ బిగ్‌క్వెరీకి రోజుకి ఇంత డేటా మించి చదవకూడదని ప్రాజెక్ట్‌కీ, మనిషికీ కూడా కోటా పెట్టుకోవచ్చు. చూడకుండా రాసిన ఒక్క క్వెరీ టెరాబైట్లు నమిలేసే చోట ఇది తప్పనిసరి.

ఏడబ్ల్యూఎస్‌లో ప్రాజెక్ట్ అనేది లేదు, అకౌంటే గీత. ఆర్గనైజేషన్స్ (అకౌంట్లన్నిటినీ ఒక గొడుగు కిందికి తెచ్చే సదుపాయం) కింద ప్రాజెక్ట్‌కో అకౌంట్ తెరవడమే సరైన పద్ధతి. ఒకే అకౌంట్‌లో ట్యాగులు (ఏది ఎవరిదో చెప్పే గుర్తులు) పెట్టి నెట్టుకొద్దామంటే, కోటా అందరికీ ఉమ్మడి అయిపోతుంది. టెస్టింగ్ వాళ్లు తెరిచిన మెషీన్ల వల్ల ప్రొడక్షన్ (కస్టమర్లు వాడే అసలు సైట్) పెరగాల్సిన రోజు పెరగదు. అక్కడి కోటాలని పెంచమని అడగొచ్చు గానీ, గూగుల్‌లోలా మనకి మనం తగ్గించుకునే వీలు సాధారణంగా ఉండదు. బదులుగా సర్వీస్ కంట్రోల్ పాలసీతో ఫలానా సైజు మెషీన్లు తప్ప వేరేవి తెరవకూడదని, ఫలానా రీజియన్లు తప్ప వాడకూడదని కట్టడి చేయొచ్చు. అది రకాన్ని ఆపుతుంది, సంఖ్యని ఆపదు. పైగా మేనేజ్‌మెంట్ అకౌంట్ (మిగతావాటికి పెద్ద అకౌంట్) మీద ఆ పాలసీ పనిచేయదు, అందుకే ఆ అకౌంట్‌లో ఒక్క మెషీన్ కూడా పెట్టకూడదు. ఓపెన్‌స్టాక్ అలవాటున్నవాళ్లకి ఇంకో తేడా: ఇక్కడ మెషీన్ల కోటా నడుస్తున్నవాటికే లెక్క. ఆపేసిన మెషీన్ కోటాలోంచి బయటపడుతుంది, దాని డిస్క్ బిల్లు మాత్రం నడుస్తూనే ఉంటుంది. 2024 ఫిబ్రవరి నుంచి ప్రతి పబ్లిక్ ఐపీవీ4 అడ్రస్‌కీ గంటకి 0.005 డాలర్లు పడుతోంది, నెలకి మూడున్నర డాలర్ల పైమాటే.

అజూర్‌లో గీత సబ్‌స్క్రిప్షన్. రిసోర్స్ గ్రూప్‌లకి కోర్ల కోటా ఉండదు, ఉంటుందనుకుని ప్రాజెక్ట్‌కో రిసోర్స్ గ్రూప్ చేసేవాళ్లు తర్వాత మార్చుకోలేక ఇబ్బంది పడతారు. కోటా రెండు మెట్లలో ఉంటుంది, రీజియన్ మొత్తం కోర్లు ఒకటి, మెషీన్ ఫ్యామిలీ కోర్లు ఒకటి. రెండింట్లోనూ చోటు ఉంటేనే మెషీన్ వస్తుంది.

ఇక బడ్జెట్లు. మూడింట్లోనూ ఉన్నాయి, మూడింట్లోనూ అవి మామూలుగా చెప్పేవే తప్ప ఆపేవి కావు. ఏడబ్ల్యూఎస్ బడ్జెట్ లెక్కలు రోజుకి మహా అయితే మూడుసార్లు తాజా అవుతాయి. రాత్రి తొమ్మిదికి మొదలైన పొరపాటు గురించి మెయిల్ వచ్చేసరికి తెల్లారుతుంది, చూసేసరికి టిఫిన్ టైమ్ అవుతుంది. బడ్జెట్ యాక్షన్స్‌తో మెషీన్లని ఆపించవచ్చు, అయినా అదే పాత లెక్క మీద ఆధారపడాలి. గూగుల్‌లో బడ్జెట్ దాటితే బిల్లింగ్‌ని తెంచేసేలా ఒక ఫంక్షన్ (చిన్న ప్రోగ్రామ్) రాసి పెట్టుకోవచ్చు, కానీ బిల్లింగ్ తెంచితే ప్రాజెక్ట్‌లో ఉన్నవి మళ్లీ దొరక్కుండా పోవచ్చు. నేర్చుకునే ప్రాజెక్ట్‌కి అది మంచిదే, కస్టమర్ల డేటా ఉన్నచోట ఆ పని చేయకండి.

నిజంగా డబ్బు దగ్గర ఆగేది ఒకటుంది. అజూర్‌లో క్రెడిట్ మీద నడిచే సబ్‌స్క్రిప్షన్లకి ఖర్చు లిమిట్ ఉంటుంది. విద్యార్థుల ప్లాన్‌లో 100 డాలర్ల క్రెడిట్ వస్తుంది, క్రెడిట్ కార్డ్ అడగదు, అయిపోతే సబ్‌స్క్రిప్షన్ ఆగిపోతుంది. వాడినంత కట్టే మామూలు ప్లాన్‌లో ఈ సదుపాయం లేదు. ఇంట్లో నాన్నగారి కార్డ్ ఇచ్చి క్లౌడ్ నేర్చుకుందామనుకునే పిల్లలకి నేను మొదట చెప్పేది ఇదే.

ఎవరికి ఏది

కాలేజీ ల్యాబ్‌కి సర్వర్లూ, వాటిని చూసుకునే మనిషీ ఉంటే ఓపెన్‌స్టాక్. ఆ మనిషి బదిలీ అయినా, మానేసినా ఎలా అన్నది ముందే అనుకోండి, ఎందుకంటే ఓపెన్‌స్టాక్‌ని అప్‌గ్రేడ్ చేయడం కోటా పెట్టినంత తేలిక కాదు. మనిషి లేకపోతే సర్వర్లు ఉన్నా సరే, విద్యార్థి క్రెడిట్లతో పబ్లిక్ క్లౌడ్ వైపు వెళ్లడమే నయం.

చిన్న కంపెనీకి పబ్లిక్ క్లౌడ్ చాలు. కుబెర్నెటీస్ జోలికి అప్పుడే వెళ్లొద్దు. ఇద్దరు డెవలపర్లు, ఒక యాప్ ఉన్నచోట నేమ్‌స్పేస్ కోటాలు చూసుకోవడం కూడా ఒక ఉద్యోగమే అవుతుంది. ప్రొడక్షన్‌కి ఒక అకౌంట్ లేదా ప్రాజెక్ట్, మిగతా అన్నిటికీ ఇంకొకటి. రెండోదాన్ని గట్టిగా బిగించండి, మొదటిదాన్ని వదులుగా ఉంచి అలర్ట్‌లు పెట్టండి. ప్రొడక్షన్‌లో కోటా తగిలి సైట్ ఆగితే వచ్చే నష్టం, ఒక రోజు ఎక్కువ బిల్లు కంటే పెద్దది. టెస్టింగ్‌లో అది తలకిందులు. రెండింటికీ ఒకే అంకె పెట్టడం సమానత్వంలా కనిపిస్తుంది గానీ రెండు చోట్లా తప్పే. బడ్జెట్ అంకె పెట్టేటప్పుడు జీఎస్‌టీ 18 శాతం కలిపి చూసుకోండి, లేకపోతే అకౌంటెంట్ గారి లెక్కకీ మీ లెక్కకీ నెలనెలా పొంతన కుదరదు.

సర్వీస్ కంపెనీకి రెండూ కావాలి. క్లయింట్ డేటా ఒప్పందం ప్రకారం వేరుగా ఉండాల్సినచోట అకౌంటే వేరు చేయండి, నేమ్‌స్పేస్ గీత దానికి చాలదు. మన సొంత టీమ్‌ల మధ్య పంపకానికి నేమ్‌స్పేస్ కోటా సరిపోతుంది. క్లయింట్‌కి బిల్లు వేసేది మనమే అయితే అకౌంట్ వేరుగా ఉండటం వల్ల ఇంకో సుఖం ఉంది, నెలాఖరున ఎవరిది ఎంత అని ట్యాగులు వెతుక్కోనక్కర్లేదు.

ఏ దారిలో వెళ్లినా, లిమిట్ పెంచే అధికారం ఎవరిది, ఎంతసేపట్లో పెంచుతారు అన్నది రాసి పెట్టాలి. అడిగిన రోజునే పెరుగుతుందన్న నమ్మకం ఉంటే టీమ్‌లు తక్కువే అడుగుతాయి. వారం పడుతుందని తెలిస్తే దొరికినప్పుడే మూడింతలు అడిగి దాచుకుంటాయి. సొంత ఓపెన్‌స్టాక్‌లో అయితే ఒక్క కమాండ్ పని. పబ్లిక్ క్లౌడ్‌లో చిన్న పెంపులు వెంటనే రావొచ్చు, జీపీయూలకీ, పెద్ద అంకెలకీ అటునుంచి మనిషి చూడాలి, ప్రశ్నలు అడుగుతారు, రోజులు పట్టొచ్చు.

విశాఖ వాళ్లు దీన్ని ఇంకో కారణానికి కూడా పట్టించుకోవాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు కరెంటు, ఫోన్లు రోజుల తరబడి లేవు. ఆ తర్వాత చాలామంది ఊళ్లో సర్వర్ గది ఉన్నా బ్యాకప్‌ని క్లౌడ్‌కి పంపడం మొదలుపెట్టారు, కొందరు ముంబై రీజియన్‌లో నడిపి, 2022 నవంబర్‌లో ఏడబ్ల్యూఎస్ హైదరాబాద్ రీజియన్ తెరిచాక అక్కడ కూడా కాపీ పెట్టుకున్నారు. డేటా కాపీ అవుతుంది, కోటా కాపీ అవ్వదు. కోటా రీజియన్‌కి విడివిడిగా ఉంటుంది కాబట్టి, ముంబైలో 200 వీసీపీయూలకి పెంచుకున్న అకౌంట్‌కి హైదరాబాద్‌లో మొదటి రోజు ఇచ్చిన అంకే ఉండొచ్చు. అక్కడికి మారాల్సిన రోజు డిస్కులు సిద్ధంగా ఉంటాయి, మెషీన్లు రావు. పెంచమని దరఖాస్తు పెట్టుకునే సమయం అది కాదు. అక్టోబర్, నవంబర్ తుపాన్ల సీజన్‌కి ముందే, ఆగస్టులో ఒక రోజు కూర్చుని రెండు రీజియన్ల కోటా పేజీలు పక్కపక్కన తెరవండి. వీసీపీయూలు, ఎలాస్టిక్ ఐపీలు (ఏడబ్ల్యూఎస్‌లో మారకుండా ఉండే పబ్లిక్ అడ్రసులు), లోడ్ బ్యాలెన్సర్లు, డిస్క్ సైజు ఒక్కొక్కటీ పోల్చి, తక్కువున్నవాటికి అప్పుడే దరఖాస్తు పెట్టండి. ఎలాస్టిక్ ఐపీలు డిఫాల్ట్‌గా రీజియన్‌కి అయిదే, ముందుగా తగిలేది సాధారణంగా అదే.